నాలుగో అంతస్తు తాళాలు

నాలుగో అంతస్తు మెట్ల దగ్గర పెట్టిన నీళ్ళ క్యాను మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా నిండుగానే ఉంది.

మేస్త్రి దాన్ని ఒక చేత్తో వంచి చూశాడు. బరువేమీ తగ్గలేదు. పక్కనున్న కాగితం గ్లాసుల దొంతర పొద్దున ఎలా పెట్టాడో అలాగే ఉంది. బయట ఎండ మండిపోతోంది. కిటికీలకి అద్దాలు బిగించేశారు, ఏసీలు ఇంకా రాలేదు. అంతస్తంతా మూత పెట్టిన గిన్నెలా ఉడుకుతోంది. అందులో పొద్దుటినుంచీ నేలమీద గొంతుకూర్చుని టైల్స్ సందులు నింపుతున్న ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండా ఎలా ఉన్నారో అతనికి అంతుపట్టలేదు.

పేరుకి అతను కాంట్రాక్టరు. కింద దుకాణాలూ పైన ఆఫీసులూ వచ్చే ఆ భవనంలో నేలలన్నీ అతనే ఒప్పుకున్నాడు. అయినా పాత అలవాటుకొద్దీ అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు. అతని దగ్గర టైల్స్ కోసి పరిచే పని మగవాళ్ళది. సందుల్లో గ్రౌటు నింపి, ఎక్కువైంది స్పాంజితో తుడిచి, నేలకి ముఖం తెచ్చే పని ఆడవాళ్ళది. ఆ ఆడవాళ్ళ ముఠాకి పెద్ద అతని సొంత వదిన. ఆవిడ చెయ్యి పడిన సందు సూటిగా గీత గీసినట్టుంటుంది.

"వదినా, నీళ్ళు బాగాలేవా?" అన్నాడు.

వదిన స్పాంజి పిండుతూ, "బాగానే ఉన్నాయి మరిదీ. ఏం?" అంది.

"ఎవరూ ముట్టుకోలేదేం మరి?"

"దాహం వేస్తే తాగుతారు. నువ్వెళ్ళి ఆ కటింగ్ మిషన్ సంగతి చూడు, చెవులు పగిలిపోతున్నాయి."

మిగతావాళ్ళు తలలు వంచుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. ఆ నవ్వు ఎందుకో అతనికి అర్థం కాలేదు.

ఏదైనా అర్థం కాకపోతే వదిలిపెట్టే మనిషి కాదు మేస్త్రి. ఇంట్లో ఫ్యాను చప్పుడు చేస్తే అర్ధాంతరంగా భోజనం మీంచి లేచి బల్ల ఎక్కుతాడు. మర్నాడు వేరే కంపెనీ క్యాను తెప్పించాడు. గ్లాసుల్లో దుమ్ము పడుతోందేమోనని వాటిమీద గుడ్డ కప్పాడు. నీళ్ళు వేడెక్కిపోతున్నాయేమోనని క్యానుకి తడిపిన గోనెసంచి చుట్టాడు. ఒక స్తంభం చాటున నిలబడి, టైల్స్ లెక్క చూస్తున్నట్టు నటిస్తూ ఓ కంట కనిపెట్టాడు. ఒక చిన్నది లేచి క్యాను దగ్గరికి వచ్చింది. గ్లాసులో గుక్కెడు పట్టుకుంది. సగం పెదాలు తడుపుకుంది. మిగతా సగంతో పుక్కిలించి కిటికీ పక్కనున్న బకెట్లో ఉమ్మేసింది. మళ్ళీ వెళ్ళి తన వరుసలో కూర్చుంది.

వదిన అయితే అదీ చెయ్యలేదు.

అంతకుముందు వారమే ఇద్దరు ఆడవాళ్ళు పనిలోకి రావడం మానేశారు. ఊరవతల ఏదో గోడౌను పనికి వెళ్తున్నారని తెలిసింది. అక్కడ కూలి ఇక్కడికంటే ఎక్కువేం కాదు. ఎందుకు వెళ్ళారంటే ఎవరూ నోరు విప్పలేదు. యజమానుల తరఫు ఇన్‌స్పెక్షన్ దగ్గరపడుతోంది. ఆలోగా నాలుగో అంతస్తు పూర్తికాకపోతే, పైన ఇంకా మిగిలిన రెండు అంతస్తులూ మరో కాంట్రాక్టరుకి ఇచ్చేస్తామని భవనం కట్టిస్తున్న కంపెనీ ఆఫీసువాళ్ళు ముందే చెప్పేశారు. మనుషులు దొరకడమే గగనంగా ఉన్న రోజుల్లో ఉన్నవాళ్ళు జారిపోతే ఏం చెయ్యాలన్నది అతని బెంగ.

ఆ సాయంత్రం వదిన మెట్లమీద కూలబడింది. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

"ఏమైంది వదినా?"

"ఏం లేదు. ఎండ."

"ఎండ కడుపులో ఎందుకుంటుంది?"

"నీకన్నీ కావాలి," అని ఆవిడ నవ్వబోయి నవ్వలేకపోయింది.

మేస్త్రి భార్యకి ఫోన్ చేశాడు. ఆవిడ ఆటోలో వచ్చి తోడికోడల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

రాత్రి మేస్త్రి ఇంటికొచ్చేసరికి భార్య వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. వదిన లోపలి గదిలో నిద్రపోతోంది. అన్నయ్య రాత్రి డ్యూటీకి పోతూ భార్యని తమ్ముడింట్లో వదిలి వెళ్ళాడు.

"డాక్టరు ఏమంది?"

"మూత్రంలో ఇన్ఫెక్షనట. మందులిచ్చింది. నీళ్ళు బాగా తాగమంది. బిగబట్టుకోవద్దంది."

"అదే కదా నేనూ మొత్తుకునేది! రెండు రకాల నీళ్ళు తెప్పించాను. గోనెసంచి చుట్టాను. ఒక్కరు తాగితే ఒట్టు. వీళ్ళకేం పొగరో నాకు తెలియట్లేదు."

భార్య కత్తిపీట ఆపి అతనివైపు చూసింది. ఉల్లిపాయకి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ముంజేత్తో తుడుచుకుంది.

"ఒక మాట అడుగుతాను చెప్పండి. తాగితే వాళ్ళెక్కడికి వెళ్ళాలి?"

మేస్త్రి నోరు తెరిచాడు. "ఎక్కడికేమిటి, కింద రేకుల బాత్రూం..." అని ఆగిపోయాడు. దాని ముందునుంచి ఈమధ్య తను నడిచిన గుర్తు లేదు.

"ఉందా అది?"

"ఉండాలి మరి."

"మీరెక్కడికి వెళ్తున్నారు?"

మేస్త్రి వెళ్ళేది మగవాళ్ళందరూ వెళ్ళే చోటికే, సెల్లార్ వెనక ప్రహరీ గోడ పక్కకి. ఆ మాట భార్యతో అనడానికి సిగ్గేసి, వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే అతను తిన్నగా నాలుగో అంతస్తుకి వెళ్ళకుండా భవనం చుట్టూ తిరిగాడు. రేకుల బాత్రూం ఉండాల్సిన చోట పార్కింగుకి రాళ్ళు పరిచేసి ఉన్నాయి. ఎర్రరాయి, బూడిదరాయి, మళ్ళీ ఎర్రరాయి. అలవాటు చొప్పున వంగి ఒక అంచు తడిమి చూశాడు. పని శుభ్రంగా ఉంది. బయటి నేల కాంట్రాక్టరుకి జాగా కావాల్సి వచ్చింది, రేకులు ఊడదీసి లారీకెత్తేశాడు. అది అతని తప్పనడానికి లేదు. మళ్ళీ ఇంకోచోట పెట్టడం ఎవరి పనో ఎవరి ఒప్పందంలోనూ లేదు, అంతే.

పైకి వెళ్ళేసరికి ఆడవాళ్ళు గ్రౌటు కలుపుతున్నారు. వాళ్ళలో వయసులో పెద్దదాన్ని పక్కకి పిలిచాడు. ఎలా అడగాలో తెలియక గోడకున్న రంగు గీరుతూ నిలబడ్డాడు.

"రేకుల బాత్రూం తీసేశారట కదా."

"తీసేసి వారం దాటింది మేస్త్రీ."

"మరి... ఎట్లా?"

"ఎట్లా ఏముంది? బస్సెక్కకముందు ఒకసారి. బస్సు దిగి ఇంటికెళ్ళాక ఒకసారి."

"మధ్యలో?"

"మధ్యలో పని," అంది ఆవిడ మామూలుగా.

"నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ అతన్ని కాస్త జాలిగా చూసింది. "ఏమని చెప్తాం మేస్త్రీ? మీ వదినే చెప్పలేకపోయింది."

ఆవిడ వెళ్ళిపోయింది. మేస్త్రి వరండా పొడుగునా చూశాడు. ఈ చివర స్త్రీల బాత్రూం, ఆ చివర పురుషుల బాత్రూం. కింద మూడు అంతస్తుల్లోనూ అంతే. అన్నిటికీ తనే టైల్స్ వేశాడు. కమోడ్లూ, వాష్‌బేసిన్లూ, నిలువుటద్దాలూ, చేతులు ఆరబెట్టుకునే మిషన్లూ అన్నీ బిగించి ఉన్నాయి. తలుపుతలుపుకీ ఇత్తడి తాళం వేలాడుతోంది.

సైట్ ఇంజనీరు సెల్లార్లో తాత్కాలికంగా కట్టిన గదిలో కూర్చుంటాడు. వయసులో చిన్నవాడు. మేస్త్రి అంటే గౌరవమే.

"సార్, నాలుగో అంతస్తులో ఆడవాళ్ళ బాత్రూం ఒక్కటి తెరిపించాలి. మా పనివాళ్ళకి ఇబ్బందిగా ఉంది."

ఇంజనీరు ముఖం కాస్త ఎర్రబడింది. "నాకు అభ్యంతరం లేదు మేస్త్రిగారూ. కానీ అప్పగించేదాకా వాడొద్దని... పైపులాయన్ని అడగండి. ఆయన ఒప్పుకుంటే నాదేం లేదు."

పైపుల కాంట్రాక్టరు పక్కనే ఉన్నాడు, పళ్ళు కుట్టుకుంటూ. వరసేమీ లేకపోయినా ఇద్దరూ ఒకర్నొకరు బావా అనుకుంటారు. ఎప్పుడు కలిసినా ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకోవడం వాళ్ళ సరదా.

"వాడుకోమను బావా. నీళ్ళు పారితే నాకే మంచిది, పైపుల్లో చెత్త కొట్టుకుపోతుంది. టెస్టింగు కూడా అయిపోయింది."

"మరి తాళాలు?"

"తాళాలు నేను వెయ్యలేదే."

"కరెంటువాళ్ళా?"

"వాళ్ళకేం పని? లైట్లు ఎత్తుకెళ్ళే భయముంటే స్టోర్‌కి వేస్తారు కానీ బాత్రూములకెందుకు?"

"పోనీ ఆఫీసువాళ్ళా సార్?"

ఇంజనీరు పైపులాయన వంక చూశాడు. పైపులాయన ఇంజనీరు వంక చూశాడు. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు ఆగడం లేదు.

"మేస్త్రిగారూ, తాళాలు వేయించింది మీరే కదా."

"నేనా?"

"రంగులవాళ్ళు బూట్లతో తొక్కారని ఇదే గదిలో కేకలేశారు. పురుగు కూడా నా నేలమీద పాకడానికి వీల్లేదన్నారు. గుర్తు లేదా?"

"తాళాలు నువ్వే కొనుక్కొచ్చావు బావా," అన్నాడు పైపులాయన. "ఇత్తడివి. బిల్లు కూడా అడగలేదని మేమంతా ఆశ్చర్యపోయాం."

మేస్త్రికి అన్నీ గుర్తొచ్చాయి. గోడమీద చెక్కకి కొట్టిన మేకులకి తాళంచెవులు వేలాడుతున్నాయి. ప్రతిదానికీ అంటించిన కాగితం ముక్కమీద అంతస్తు నంబరు, తన చేతిరాతే.

"తీసుకోండి," అన్నాడు ఇంజనీరు. "కాకపోతే ఒక్కమాట. ఇన్‌స్పెక్షన్‌లో మరక కనిపిస్తే గది గదంతా మీరే మళ్ళీ వెయ్యాలి. ఆ రంగు టైల్ ఇప్పుడు తయారుచెయ్యట్లేదు. స్టోర్లో మిగిలినవి ఉన్నాయి, అవే."

మేస్త్రి నాలుగో అంతస్తు స్త్రీల గది తాళంచెవి మేకునుంచి తీసుకున్నాడు.

అతను తలుపు తెరిచి, లైటు వేసి, పక్కకి తప్పుకున్నాడు. ఆడవాళ్ళు వరండాలో గుంపుగా నిలబడ్డారు. లోపల తెల్లటి నేల అద్దంలా మెరుస్తోంది. దాన్ని మెరిపించింది వాళ్ళే. పనయ్యాక మాత్రం మళ్ళీ అందులో అడుగు పెట్టలేదు.

"వెళ్ళండి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఒకామె తన పాదాలవైపు చూసుకుంది. వేళ్ళ సందుల్లో గ్రౌటు ఎండి తెల్లగా ఉంది. ఇంకొకామె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

"మరకపడితే మా కూలిలో కోస్తారా మేస్త్రీ?" అంది ఆ చిన్నది. సరదాగా అన్నట్టే ఉంది కానీ కళ్ళు అతని మీదే ఉన్నాయి. మిగతావాళ్ళందరి కళ్ళూ కూడా.

ప్రమాణం చేసి చెప్పినా నమ్మరని అతనికి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఇదే నేలమీద ఎవరు కాలు పెట్టినా అరిచింది తనే. సిమెంటూ దుమ్మూ పట్టిన తన బూట్లతోనే లోపలికి నడిచాడు. వాష్‌బేసిన్ దాకా వెళ్ళి, కుళాయి తిప్పి, ముఖం కడుక్కుని, నీళ్ళు కారుతున్న చేతులతో వెనక్కి వచ్చాడు. తెల్లటి నేలమీద అటొక వరుస ఇటొక వరుస నల్లటి అడుగులు పడ్డాయి. తడికి అవి బురదగా మారుతున్నాయి.

చిన్నది కిసుక్కున నవ్వింది. "ఎంత పాడుచేశారు!"

"తుడుచుకోవచ్చు. వెళ్ళండి."

ముందు పెద్దావిడ వెళ్ళింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. అన్ని అంతస్తుల్లో అన్ని గదులు చేశాడు కానీ లోపలివైపు నుంచి గడియ పడడం మేస్త్రి ఎప్పుడూ వినలేదు. ఇంక అక్కడ నిలబడకూడదని తోచి, గబగబా మెట్లెక్కి పైఅంతస్తుకి వెళ్ళిపోయాడు. పైన తనకి పనేమీ లేదు. ఒక సిమెంటు బస్తా మీద కూర్చుని, వాళ్ళ నవ్వులు వింటూ చాలాసేపు ఉండిపోయాడు.

గోడౌనుకి వెళ్ళినవాళ్ళిద్దరికీ ఎవరు కబురు చేశారో ఏమో, రెండు రోజులకి తిరిగొచ్చారు. ఆ మర్నాడు వదిన వచ్చింది. ఇంకో రెండు రోజులు పడుకోమంటే వినలేదు. పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, తలకి గుడ్డ కట్టుకుని, నేరుగా బాత్రూంలోకి వెళ్ళింది. కాసేపటికి తలుపులోంచి తల బయటపెట్టి పిలిచింది.

"మరిదీ, ఒకసారి ఇటు రా."

మేస్త్రి ఇబ్బందిగా నిలబడ్డాడు. "ఏంటి వదినా?"

"లోపల ఎవరూ లేరులే. రా. నీ ఘనకార్యం చూద్దువుగాని."

వాష్‌బేసిన్ కింద, తలుపు వైపు మూలలో, నీళ్ళు నిలిచి ఉన్నాయి. చిన్న మడుగు. నీళ్ళు దిగిపోవాల్సిన జాలీ ఉన్నది అవతలి గోడ దగ్గర. నీళ్ళు అటు వెళ్ళకుండా ఇటు వచ్చి పడుకున్నాయి.

"తుడుస్తుంటే మళ్ళీ ఇక్కడికే వస్తున్నాయి," అంది వదిన. "నాలుగుసార్లు తుడిచాను."

"వాలు అటే పెట్టాను కదా. లెవెల్ పెట్టి మరీ చూశాను."

"లెవెల్‌కి కాళ్ళు తడవవు మరి."

మేస్త్రి మగ్గుతో నీళ్ళు తెచ్చి జాలీకి కాస్త ఇవతల పోశాడు. మోకాళ్ళమీద కూర్చున్నాడు. వదిన కూడా పక్కనే గొంతుకూర్చుంది. నీళ్ళు ఒక్క క్షణం ఎటు పోవాలా అని ఆలోచిస్తున్నట్టు ఆగాయి. తర్వాత నెమ్మదిగా, సన్నటి నాలుక చాచి, తలుపు వైపు పాకాయి. ఇద్దరూ వాటిని చివరిదాకా చూశారు.

"ఎంత ధీమాగా వెళ్తున్నాయో చూడు," అంది వదిన.

అతనికి కోపం రాలేదు. ఎందుకిలా జరిగిందో తెలుసుకోవాలన్న ఆత్రం పట్టుకుంది. కిందకి పరుగెత్తి మిగతా తాళంచెవులు తెచ్చాడు. మూడో అంతస్తు తెరిచి నీళ్ళు పోశాడు. రెండోది, మొదటిది తెరిచాడు. ఆ వరుసలో స్త్రీల గదులన్నిటిలోనూ నీళ్ళు తలుపు దగ్గరికే వచ్చాయి. అవతలి వరుసలో పురుషుల గదులన్నిటిలోనూ జాలీలోకి బుద్ధిగా దిగిపోయాయి. పురుషుల గదులకి వాలు కోసం పట్టిన దారపు కొలతనే, జాలీ ఎదురువైపు ఉన్న స్త్రీల గదులకీ మార్చకుండా పట్టారు పనివాళ్ళు. తనూ దగ్గరుండి సరేనన్నాడు. తాళాలు పడ్డాక చూసినవాళ్ళు లేరు.

మధ్యాహ్నం పైపులాయన వచ్చి మడుగు చుట్టూ తిరిగి చూశాడు.

"రేపు ఇన్‌స్పెక్షన్ పెట్టుకుని దీనికోసం దిగులెందుకు బావా? పొడిగా తుడిచేసి తాళం వేసెయ్. చూడ్డానికొచ్చే మేడమ్ నీళ్ళు పోసి చూస్తుందా ఏమన్నా? తర్వాత కంప్లైంట్ వస్తే తుడిచేవాళ్ళకి చేతకాలేదని చెప్పు."

మేస్త్రి వెంటనే కాదనలేదు. పైపులాయన చెప్పింది తెలివితక్కువ మాటేం కాదు. పగలగొడితే నాలుగు నేలలు పగలగొట్టాలి. మిగిలిన టైల్స్ బొటాబొటిగా సరిపోతాయి, ఒక్కటి విరిగినా కష్టం. పైన రెండు అంతస్తుల పనీ చేతులోంచి పోవచ్చు. పోతే ఈ ఆడవాళ్ళందరూ మళ్ళీ తలా ఒక దిక్కూ పోతారు. తాళం వేస్తే అవేమీ జరగవు.

"వేస్తే వీళ్ళెక్కడికి వెళ్తారు?" అన్నాడు చివరికి.

"ఒక్కరోజే కదా."

వరండాలో వదిన గ్లాసుతో నీళ్ళు తాగుతోంది. డాక్టరు చెప్పిన లెక్క తీర్చుకుంటున్నట్టు ఆగకుండా తాగింది. మేస్త్రి ఆవిణ్ణే చూశాడు. తర్వాత స్టోర్‌కి వెళ్ళి సుత్తీ ఉలీ తెచ్చుకున్నాడు. తాళంచెవుల గుత్తి వదిన చేతిలో పెట్టాడు.

"ఏది పగలగొడుతున్నానో చెప్తాను. ఏది వాడుకోవాలో నువ్వు చూసుకో. మగవాళ్ళ వరుస కూడా తెరిచెయ్. బయట ఒకర్ని నిలబెట్టండి."

వదిన గుత్తి చొక్కా జేబులో వేసుకుంది. బరువుకి జేబు కిందికి జారింది.

మర్నాడు ఇన్‌స్పెక్షన్‌కి మేడమ్ వచ్చేసరికి మేస్త్రి నాలుగో అంతస్తు బాత్రూంలో మోకాళ్ళమీద ఉన్నాడు. ఒక్కో టైలూ ముక్క కాకుండా లేపాలని ఉలి అంచు సందులోకి మెల్లగా తోస్తున్నాడు. వదిన వేసిన గ్రౌటు ఉలికి ఒక పట్టాన లొంగడం లేదు. ఆవిడ పక్కన నిలబడి దానికి గర్వపడుతోంది.

మేడమ్ యజమానుల తరఫున పని చూసే మనిషి. తలకి తెల్ల హెల్మెట్, చేతిలో టార్చి. పొద్దుటినుంచీ ఒక్కో అంతస్తూ ఎక్కుతూ వచ్చింది. ఆవిడ గోడని వేలితో తడితే లోపల ఎక్కడ బోలుగా ఉందో తెలిసిపోతుందని సైటంతా చెప్పుకుంటారు. వెనక ఇంజనీరు చెమటలు తుడుచుకుంటున్నాడు.

"పూర్తయిన నేల ఎందుకు పగలగొడుతున్నారు?"

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "నీళ్ళు నిలుస్తున్నాయి మేడమ్. వాలు తప్పింది. పొరపాటు నాదే. నాలుగు అంతస్తుల్లోనూ ఉంది. అన్నీ సరిచేస్తాను. టైమ్ కావాలి."

ఇంజనీరు కళ్ళు మూసుకున్నాడు.

మేడమ్ టార్చి వెలుగు నేలమీద తిప్పింది. "వీటికి తాళాలు వేసి ఉంచాలి కదా. నీళ్ళు నిలుస్తున్నాయని ఎలా తెలిసింది?"

కింద ఎక్కడో కటింగ్ మిషన్ కీచుమని ఆగింది. మేస్త్రి ఏదో చెప్పబోతుండగా వదిన ముందుకొచ్చింది.

"మేం వాడుతున్నామండీ. రేకుల బాత్రూం తీసేశారు. మాకింకో దిక్కు లేదు. అందుకే తెలిసింది."

మేడమ్ ఆవిడ్ని తేరిపార చూసింది. వరండాలో వరసగా నిలబడ్డ మిగతా ఆడవాళ్ళని చూసింది.

"టైమ్ ఎంత కావాలో సాయంత్రం చెప్పండి," అంది మేస్త్రితో. తర్వాత ఇంజనీరువైపు తిరిగి, "మీరు ఐదో అంతస్తుకి వెళ్ళి ఉండండి, వస్తాను," అంది.

ఇంజనీరు మెట్లెక్కాడు. అతని అడుగుల చప్పుడు పైన వినిపించేదాకా మేడమ్ ఆగింది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. వదిన దగ్గరికి ఒక అడుగు వేసి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఇప్పుడు ఏది తెరిచి ఉంది?"

వదిన జేబులో చెయ్యి పెట్టి గుత్తి తీసింది.

"రండమ్మా," అంది.

ఇద్దరూ వరండా పొడుగునా నడిచి అవతలి చివరకి వెళ్ళారు. మేస్త్రి తల వంచుకుని ఉలి తీసుకున్నాడు. ఐదో అంతస్తు మెట్లమీంచి ఇంజనీరు తొంగిచూసి, "మేడమ్ ఏరి?" అని అడిగాడు.

"వస్తారు సార్," అన్నాడు మేస్త్రి. "తొందరపెట్టకండి."